నాలుగో విడి

ఆ లాండ్రీలో రోజుకు రెండుసార్లు లోకం మాయమయ్యేది. ఉదయం పదకొండింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి వెనక గదిలో బాయిలరు దగ్గరాయన గొట్టం తిప్పి ఆవిరి వదిలేవాడు. అది తలుపు కిందనుంచి పాకి ముందుగదిలోకి వచ్చేది. బల్ల, బల్ల మీది మూటలు, గోడకున్న గూళ్ళు, గూళ్ళలో మడతలు అన్నీ పాలలో ముంచినట్టు తెల్లబడి ఒకటైపోయేవి. ఆ కాసేపూ గుర్తులక్క సూదిని తన జాకెట్టు కాలరుకు గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఆవిరి పలచబడుతున్నప్పుడు ముందు గడియారం వచ్చేది, తర్వాత కత్తెర, తర్వాత గూళ్ళు ఒక్కొక్కటే, పిలిచిన వరసలో వచ్చి నిలబడ్డట్టు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా చూస్తున్నా ఆ తిరిగి రావడం ఆమెకు పాతబడలేదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. వచ్చిన మూట విప్పి, ప్రతి బట్ట అంచు లోపలి మడతలో ఎర్రనూలుతో ఆ ఇంటి గుర్తు కుట్టడం ఆమె పని. ఒక ఇంటికి ఒక గుర్తు. కాకికాలు ఒకరిది, మెట్టు ఒకరిది, పిట్టముక్కు ఇంకొకరిది. నాలుగు వందల ఇళ్ళ బట్టలు ఒకే డ్రమ్ములో దొర్లుతాయి. ఎవరి చొక్కా చేతులో ఎవరి దిండుగలీబు మెలిపడి బయటికొస్తుంది. గోరంత ఎర్రగుర్తు చూసుకునే అవి మళ్ళీ ఎవరివి వాళ్ళింటికి వెళ్ళాలి.

ఈ పని నేర్పింది లాండ్రీ పెట్టిన పెద్దాయన. ఆయన పోయి చాలా కాలమైంది. చేరిన మొదటి వారం ఆమె మెట్టు గుర్తు కుట్టి చూపిస్తే, గుడ్డను కిటికీ వెలుగుకు పట్టి, ఆయన తల అడ్డంగా ఊపాడు. కుట్టూ కుట్టూ తగలకూడదమ్మా, మధ్యలో గుడ్డ కనబడాలి అన్నాడు. కనబడితే గుర్తు, తగిలితే మరక. ఆమె ఆ రోజు మెట్టును పదకొండుసార్లు విప్పి కుట్టింది.

గుర్తులకు పుస్తకమంటూ లేదు. పాత దుప్పటి నుంచి చింపిన జానెడు వెడల్పు పట్టీ ఒకటుంది. కొత్త ఇల్లు చేరినప్పుడల్లా దాని గుర్తును అందులో వరసగా కుడతారు. ఇప్పుడది విప్పితే బల్ల దగ్గర మొదలై వీధి తలుపు దాటుతుంది. ఊరు వదిలిపోయిన వాళ్ళ గుర్తు కూడా తీసెయ్యరు. ఒక ఇంట్లోంచి కొడుకో కూతురో బయటికొచ్చి వేరే కాపురం పెడితే, పాత గుర్తుకే ఒక కుట్టు కలిపి ఇస్తారు. దానికి కొట్లో పేరు పిల్ల గుర్తు. పట్టీలో తల్లి గుర్తు పక్కనే అది కూర్చుంటుంది. అందుకే పెద్దాయన ప్రతి గుర్తు పక్కనా రెండు వేళ్ళ ఖాళీ వదలమనేవాడు. ఆమె తమ ఇంటి గుర్తు కుట్టుకున్నప్పుడు కూడా వదిలింది: రెండు నిలువు గీతలు, కింద ఒక అడ్డగీత. ఒక గీత తను, ఒక గీత ఏడేళ్ళ చెల్లెలు. అడ్డగీత ఏమిటని పెద్దాయన అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, మంచం అంది. వాళ్ళకు అప్పుడు ఉన్నది ఒక్క మంచమే. అప్పటికి తల్లి పోయి నాలుగు నెలలైంది.

ఆ కొట్లో ఎక్కువగా వినబడే మాట విడిగా అన్నది. మూట బల్లమీద పెట్టి, ఏదో ఒకటి పైకి తీసి, ఇది విడిగా అంటారు. అలా అన్నదానికి గుర్తులక్క పసుపుచీటీ గుచ్చుతుంది. చీటీ ఉన్నది పెద్ద డ్రమ్ములోకి పోదు, చిన్న తొట్టిలోకి పోతుంది. ఆ మాట ఎలా అన్నారో దాన్నిబట్టి ఎందుకన్నారో ఆమెకు తెలిసిపోయేది. కొత్త గుడ్డను వేలితో రుద్ది చూపిస్తూ అంటే రంగు దిగేదన్నమాట. గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినబడకుండా అంటే ఇంట్లో ఎవరికో జబ్బు. ఎటో చూస్తూ, గట్టిగా, ఒక్క ముక్కలో అంటే అన్నదమ్ములో ఆలుమగలో మాట్లాడుకోవడం లేదు. రంగు విడి, జ్వరం విడి, కోపం విడి. ఈ లెక్క కట్టింది ఇస్త్రీ బల్ల దగ్గర మడతలు పెట్టే పిన్ని. మూడింటికీ చీటీ ఒకటే, తొట్టి ఒకటే. కోపం విడి అయితే నెలా రెండు నెలల్లో చీటీ దానంతటదే ఆగిపోతుంది, లేదా గుర్తే మారుతుంది. పిన్ని ఎదురు చూసేది ఆ కబురు కోసమే.

లాండ్రీ పైన రెండు గదుల్లో అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. చెల్లెలు ఎదురు వీధిలో టైలరు దుకాణంలో గుండీలు కుట్టేది. అక్క పెళ్ళి సంగతి ఎక్కువమంది ఎత్తలేదు, ఎత్తినవాళ్ళకు ఆమె చెల్లెల్ని చూపించింది. చెల్లెలి పెళ్ళి సంగతి ఎత్తినప్పుడు చెల్లెలు అక్కను చూపించింది. అలా ఒకరినొకరు చూపించుకుంటూ ఏళ్ళు గడిచాయి. మధ్యలో రెండో మంచం కొన్నారు. రెండు మంచాల మధ్య ఒక కుర్చీ పట్టేంత సందు ఉంచి, దానిలో నీళ్ళచెంబు పెట్టుకునేవారు.

చెల్లెలికి నలభై ఆరో ఏట, పైగదిలో వేడినీళ్ళ గొట్టం కారింది. బాయిలరాయన వచ్చి బాగుచేశాడు. భార్య పోయి ఆరేళ్ళైన మనిషి, మాట తక్కువ. ఆవిరిలో ఉండీ ఉండీ మొహం ఎప్పుడూ అప్పుడే కడుక్కున్నట్టు ఉండేది. గొట్టం మళ్ళీ కారింది, మళ్ళీ వచ్చాడు. మూడోసారి కారకుండానే వచ్చాడని పిన్ని అనేది. ఆ మాట అబద్ధం కాదు.

పెళ్ళి రాతకోతలు ఒక పూటలో అయిపోయాయి. దానికి వారం ముందు, ఎదురెదురు మంచాల మీద కూర్చుని సామాను సర్దుతున్నప్పుడు, గుర్తులక్క దుప్పట్ల దొంతర ఒళ్ళో పెట్టుకుని సూదికి ఎర్రనూలు ఎక్కించింది. పిల్ల గుర్తు వేసేస్తానే, ఒక్క కుట్టేగా అంది.

చెల్లెలు చేతిలోని పెట్టె మూత మూసింది. "వద్దక్కా. నాకు విడి గుర్తు కావాలి."

"విడి ఎందుకే? పుట్టిల్లు లేనిదానివా?"

"నలభై ఆరేళ్ళొచ్చాయి. ఇంకా నీ పిల్ల గుర్తేనా?"

గుర్తులక్క నవ్వుదామనుకుంది. "ఇంతకీ నీది ఏ విడి? రంగా, జ్వరమా, కోపమా?"

"ఆ మూడూ కాదు," అంది చెల్లెలు. "నాలుగోది."

"నాలుగోది మన కొట్లో లేదు."

"లేకపోతే పెట్టు."

సరే, ఆలోచించి మంచిది వేస్తాలే అని గుర్తులక్క సూదిని మళ్ళీ కాలరుకు గుచ్చుకుంది. ఆలోచించింది కూడా. ఆవిరి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని ఆలోచించేది. తెల్లటి చోట ఎర్రగీతలు ఒకటి తర్వాత ఒకటి తేలుతూ వచ్చేవి, తిరిగి చూసేసరికి రెండు నిలువుగీతలుగా నిలబడేవి. పెళ్ళి రోజు వచ్చింది, పోయింది. చెల్లెలు నాలుగు వీధుల అవతల ఆయన గదికి వెళ్ళింది. ఆమె దుప్పట్ల మీద, గౌన్ల మీద, అక్క కొత్తగా కొనిచ్చిన దిండుగలీబుల మీద కూడా పాత గుర్తే ఉంది. ప్రస్తుతానికి ఉండనీ అనుకుంటూ కొత్తవాటికి సైతం గుర్తులక్క అదే కుట్టేసింది.

పనివాళ్ళ బట్టలు శనివారం ఉతికేవారు. మొదటి శనివారం బాయిలరాయన తెచ్చిన మూట ఒకటే. డ్రమ్ములోంచి వచ్చాక అది రెండైంది. ఆయన చొక్కాల మీద ఒంటి సున్నా ఉంది, అవి ఆయన గూట్లోకి పోయాయి. భార్య బట్టలన్నీ రెండు గీతల గుర్తుతో గుర్తులక్క గూట్లోకి వచ్చాయి. పైగా ఆయన బనీను ఒకటి చెల్లెలి గౌను చేతిలో దూరి, పైగదిదాకా వచ్చి, వదినగారి దిండు మీద తేలింది.

మొగుడూపెళ్ళాలు ఇంట్లో ఒకచోట, లాండ్రీలో చెరోచోట, ఇదేం కాపురమని పిన్ని నెలరోజులు నవ్వింది. గుర్తులక్క నవ్వలేదు. కొత్త గుర్తు ఊరికే పుడుతుందా, నాలుగు వందల పన్నెండింటిలో దేన్నీ పోలకూడదు అనేది. అది నిజమే కూడా. ఆదివారం ఉదయం చెల్లెలు మెట్లెక్కి వచ్చేది. టీ తాగేది. కిటికీ పక్క తన పాత మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని టైలరు కొట్టు కబుర్లు చెప్పేది. మాటల మధ్యలో నిద్రపోయిన రోజులూ ఉన్నాయి. పదకొండింటికి బట్టలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేది. గుర్తు ఏమైంది అని మూడో వారందాకా అడిగింది. తర్వాత అడగలేదు. అడగకపోవడం గుర్తులక్కకు హాయిగా ఉంది. శనివారం సాయంత్రం గూట్లోంచి ఆ బట్టలు పైకి తెచ్చి, చెల్లెలి పాత అలమారలో పాత వరసలోనే సర్దేది. రాత్రి పడుకునేటప్పుడు అలమార నిండుగా కనబడేది. మనిషి పక్కవీధికి సబ్బు కొనడానికి వెళ్ళినట్టే ఉండేది.

తొమ్మిదో ఆదివారం చెల్లెలు రాలేదు.

గుర్తులక్క రెండుసార్లు టీ పెట్టి రెండుసార్లూ తనే తాగింది. మధ్యాహ్నానికి మనసులో ఒక కష్టం మొలిచింది, సాయంత్రానికి అది కోపమైంది. నాలుగు వీధులు నడవలేకపోయిందా, కబురు పెట్టలేకపోయిందా అనుకుంది. సోమవారం బాయిలరాయన ఆలస్యంగా వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె బల్ల ముందునుంచి తల వంచుకుని వెళ్ళాడు. అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే చులకన అని మింగేసింది. పైగా ఆయన్ని ఏమని పిలవాలో ఆమెకింకా తేలలేదు. నిన్నమొన్నటిదాకా బాయిలరాయన, ఇప్పుడు మరిది. కొత్త పిలుపుకు నోరు తిరగలేదు, పాతది మర్యాద కాదు. ఆ మొహమాటంలో తొమ్మిది వారాలూ ఆమె ఆయన్ని ఏమీ పిలవకుండానే గడిపింది.

మంగళవారం మూడింటికి ఆవిరి రాలేదు. గడియారం మూడుంపావు చూపించింది. తలెత్తేసరికి ఆయన బల్ల అవతల నిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకునే గుడ్డను పిండుతున్నాడు.

"వదినా, దుప్పట్లు ఉంటే ఇస్తారా? ఒక్కటైనా చాలు."

ఏ దుప్పట్లు అని ఆమె అడిగింది. ఆయన ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. శనివారం రాత్రి నుంచి ఆవిడకు జ్వరం. చెమటకు మంచంమీది దుప్పటి తడిసిపోయింది, మార్చడానికి ఇంకోటి లేదు. ఉన్నవన్నీ ఇక్కడే ఉన్నాయి. తన ఒంటి దుప్పటి వేస్తే అదీ తడిసింది, ఈ చలికి ఆరడం లేదు. ఆదివారం నుంచి ఉత్త పరుపు మీద, తన కోటు కప్పుకుని పడుకుంది. డాక్టరు చూశాడు, భయం లేదన్నాడు.

"మూడు రోజులా? నిన్నటినుంచీ ఇక్కడే తిరుగుతున్నారుగా, చెప్పొద్దా?"

ఆయన గుడ్డను ఇంకోసారి పిండాడు. "అడగొద్దంది. అక్క ఇచ్చినప్పుడే ఇస్తుంది అంది."

ఆయన వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి ఆవిరి వచ్చింది. గుర్తులక్క కుర్చీలోనే ఉండిపోయింది. బల్ల పోయింది, గూళ్ళు పోయాయి, తన చేతులు తనకు కనబడలేదు. ఆ తెల్లదనంలో ఎవరో గుడ్డను కిటికీకి పట్టి చూస్తున్నట్టు అనిపించింది. ఎదురుగా ఉన్నది గుడ్డో గోడో తెలియలేదు. అందులో రెండు నిలువుగీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, నూలు నీళ్ళు తాగి ఉబ్బి, మధ్యలో సందు లేకుండా ఒక ఎర్రటి ముద్ద అయ్యాయి. అది చెరిగిపోయేదాకా చూసింది. గడియారం తిరిగొచ్చింది. కత్తెర తిరిగొచ్చింది. ఆమె కత్తెర అందుకుని, పైకెళ్ళి అలమారలోవన్నీ ఒక మూట కట్టింది. పిన్నిని బల్ల చూడమని చెప్పి వీధిలోకి దిగింది. జ్వరం విడి అన్నమాట అంది పిన్ని, ఈసారి నవ్వకుండా.

ఆ గదికి ఆమె రావడం అదే మొదలు. కిటికీ చిన్నది. గోడకు వరసగా ఇనుపమేకులు, ప్రతి మేకుకూ ఒక పనిముట్టు, దేనికి దాని ఆకారం గోడమీద పెన్సిలుతో గీసి ఉంది. ఒక మేకు దగ్గర పెన్సిలు గీత చెల్లెలి గొడుగు ఆకారంలో ఉంది. గుర్తులక్క దాన్ని కాస్త ఎక్కువసేపు చూసింది.

చెల్లెల్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, పరుపు మీద దుప్పటి పరిచింది. పడుకున్నాక ఇంకోటి కప్పింది. చెల్లెలి చెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది. జ్వరం దిగుతోంది. చెల్లెలు దుప్పటి అంచును ముక్కుకు ఆనించుకుని, పైగది వాసన అంది.

గుర్తులక్క మంచం పక్కనే కూర్చుని మూటలోంచి ఒక దిండుగలీబు తీసింది. అంచు మడత తిప్పి, కత్తెర మొనతో ఎర్రనూలు తెంపింది. అడ్డగీత ముందు వచ్చింది, తర్వాత నిలువుగీతలు. నూలు పోయినచోట సన్నటి కన్నాలు మిగిలాయి. గోటితో మెల్లగా గీరితే గుడ్డ కళ్ళు మూసుకుంది. చెల్లెలు చూస్తూ ఉంది. అలా ఆరు బట్టలు విప్పడం అయింది.

"నేను మర్చిపోలేదే," అంది గుర్తులక్క చివరికి. "కావాలనే వెయ్యలేదు."

"తెలుసు," అంది చెల్లెలు. "నేనూ కావాలనే అడగడం మానేశాను. నీ దగ్గరికి రావడానికి బట్టల వంక బాగానే ఉంది. మొన్న చలి వేసినప్పుడు మాత్రం కోపమొచ్చింది."

"వస్తుంది మరి."

"చాలా వచ్చింది."

సాయంత్రం బాయిలరాయన వచ్చేసరికి పాత గుర్తులన్నీ విప్పడం అయింది. కొత్తది ఏదన్నది తేలలేదు. చెల్లెలు దుప్పటి మీద వేలితో వంపు గీసి కింద చుక్క పెట్టింది. అది రొట్టెల దుకాణం వాళ్ళది. రెండు గీతలు వాల్చి చూపించింది. అది పంతులమ్మది, ఆవిడ ఊరు వదిలి పదేళ్ళైనా సరే ఇవ్వడానికి లేదు. బాయిలరాయన గుమ్మం దగ్గరే నిలబడి, తన సున్నా ఉందిగా, దాని మధ్యలో చుక్క పెడితే సరిపోతుందేమో అన్నాడు. చెల్లెలు తలగడ మీంచి తల తిప్పింది. "ఆహా. నీ సున్నాలో నేను చుక్కనా?" ఆయన చెవులదాకా ఎర్రబడి చెంబు తీసుకుని నీళ్ళకు వెళ్ళిపోయాడు. అక్కాచెల్లెళ్ళు నవ్వుకున్నారు, ఒకరు దగ్గుతూ.

ఆయన నీళ్ళతో తిరిగొచ్చాక గుర్తు కుదిరింది. సున్నాను ఒక పక్క తెరిచారు. తెరిచినచోట, బయట, ఒక నిలువుగీత. గీత సున్నాకు తగలకుండా నూలుమందం సందు ఉండాలని గుర్తులక్క చెప్పింది. మొదటిది కుట్టి, కిటికీలో మిగిలిన వెలుగుకు పట్టి చూసింది. మధ్యలో గుడ్డ కనబడుతోంది. అప్పుడు ఆయన చొక్కాలు కూడా ఇమ్మంది. తమ్ముడూ, నీ బనీను ఒకటి నా దగ్గర ఉంది, రేపు గుర్తు వేసి పంపిస్తాను అంది. తమ్ముడూ అన్నది తనేనని ఆమెకు తర్వాత తెలిసింది.

మర్నాడు లాండ్రీలో పట్టీ విప్పింది. తమ గుర్తు దగ్గర ఆగింది. దాని పక్కన ముప్ఫై తొమ్మిదేళ్ళుగా రెండు వేళ్ళ ఖాళీ ఉంది. కొత్తది అక్కడ కుడితే ఎవరూ కాదనరు. పెద్దాయన ఉన్నా కాదనడేమో. సూదిని ఆ ఖాళీ మీద ఉంచి, పొడవకుండా తీసేసింది. కొత్త ఇళ్ళు చేరే చోటికి, చివరికంటా పట్టీ విప్పుకుంటూ వెళ్ళింది. కాకికాళ్ళు, మెట్లు, పిట్టముక్కులు వీధిలో ఇళ్ళలా పక్కనుంచి సాగిపోయాయి. తలుపులు వేసి ఉన్నవి కొన్ని, లోపల ఇంకా దీపమున్నవి కొన్ని. గడప దాటాక, నాలుగు వందల పదమూడోదిగా, తెరిచిన సున్నా, బయట గీత. పట్టీ మళ్ళీ చుట్టింది.

శనివారం మూట ఒకటే వచ్చింది, ఒకటిగానే వెళ్ళింది. గుర్తులక్క గూట్లో రెండు గౌన్లు, ఒక తువ్వాలు, ఒక దుప్పటి మిగిలాయి. ఆ గూడు అంత లోతుగా ఉంటుందని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆదివారం ఒక్క కప్పుకే టీ పెట్టింది. చెల్లెలు రాలేదు. రావాల్సిన పని లేదు. అలమార తలుపు దానంతటదే తెరుచుకుంటుంటే కాగితం ముక్క మడిచి సందులో దూర్చింది. సోమవారం కూడా మామూలుగానే గడిచింది.

మంగళవారం మూడింటికి ఆవిరి వచ్చింది. సూది కాలరుకు గుచ్చుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వీధి తలుపు చప్పుడైంది. ఎవరో లోపలికొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఎవరో కనబడలేదు. మూట బల్లమీద పెట్టిన చప్పుడు మాత్రం లేదు. ఆమె ఎదురుచూసింది. గడియారం వచ్చింది. కత్తెర వచ్చింది. తర్వాత బల్ల అవతల చెల్లెలు, కొంచెం చిక్కి, రెండు చేతులూ ఖాళీగా.

"ఏమే, ఈ వేళప్పుడు వచ్చావు?"

"ఊరికే," అంది చెల్లెలు.

గుర్తులక్క విప్పబోయిన మూటను పక్కకు జరిపింది.